పాత కారు, ఉప్పునీరు

కార్వేటినగరంలో వేసవి ముదిరి పాత కారు కాగిపోతే యజమానులు ఎండను నిందిస్తారు. మేమైతే బోరునీటినే తప్పుపడతాము. 1961 నుండి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డునే తీసుకొందాము. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే విలాయతీ స్పోర్ట్స్ కారును 1962లో హెరాల్డు చట్రాన్నే కుదించి నిర్మించారు. దాయాదులు కనుక రెండింటి దాహమూ ఒకటే!

కఠినజలంలోని లవణాలు వేడికి విడివడి గట్టిపొరగా పేరుకొంటాయని రసాయనశాస్త్ర విద్యార్థులకు తెలిసినదే. ఆ పొర రేడియేటరు సన్నగొట్టాలలో పట్టితే ఫ్యాను ఎంత తిరిగినా వేడి వెలుపలికి పోదు. పుత్తూరు దారిలో ఆవిరి లేవగానే మూత విప్పి చన్నీరు కుమ్మరించడం మరీ ఘోరం. మరిగే నీరు ముఖానికి చిమ్ముతుంది. కాగిన ఇనుము పగులుతుంది. థర్మోస్టాటును పీకిపారవేయడం ఇంకొక దురాచారం. చెడితే మార్చవలెను గాని, తీసివేయరాదు.

స్వేదనజలమూ కూలెంటూ సమపాళ్ళలో పోయడం దండుగఖర్చని మేమూ ఒకప్పుడు వాదించినవారమే. హెడ్డు పగిలి, మరొకటి ఏ దుకాణంలోనూ దొరకక, బండి నెలల తరబడి చెట్టుక్రింద నిలిచినప్పుడు ఆ లెక్క తారుమారయింది. ఇప్పుడు మా డిక్కీలో రెండు డబ్బాలుంటాయి. రెండింటిలోనూ బోరునీరు లేదు.