గార్గి రెండవ ప్రశ్న

బృహదారణ్యకోపనిషత్తులోని జనకసభ కూడా ఒక పరీక్షా మందిరమే. బ్రహ్మిష్ఠుడైన వానికి వేయి గోవులు బహుమానం. ఆ సభలో గార్గి వాచక్నవి యాజ్ఞవల్క్యుని ప్రశ్నించి, అతిప్రశ్న తగదన్న హెచ్చరికతో మౌనం వహించింది. అయినా సభను వీడిపోలేదు. కొంత తడవుకు బ్రాహ్మణుల అనుమతి పొంది మరల లేచి, అక్షరబ్రహ్మమును గూర్చి అడిగింది. బ్రహ్మవాదంలో యాజ్ఞవల్క్యుని జయింపగలవారు లేరని నిర్ణయం చెప్పినదీ ఆమెయే. ఒకమారు నిలిచిపోయిన స్త్రీని, మరల లేచినప్పుడు ఆ సభ వారించలేదు.

కృష్ణా డెల్టా దిగువసీమలోని ఆడపిల్లకు నేడు ఆ రెండవ అవకాశం ఉన్నదా అన్నది జిజ్ఞాసువులు విచారింపదగిన విషయం.

2024 ఇంటర్మీడియట్ ద్వితీయ సంవత్సర ఫలితాలలో 90 శాతం ఉత్తీర్ణతతో కృష్ణా జిల్లా రాష్ట్రంలో ప్రథమస్థానం పొందింది. అది హర్షణీయమే. మచిలీపట్నం, గుడివాడ కూడళ్ళలో ర్యాంకుల ఫ్లెక్సీలు వెలుస్తాయి. దివిసీమలోని అవనిగడ్డకు డీఎస్సీ శిక్షణ కోసం దూరప్రాంతాల నుంచి యువతులు వచ్చి, అద్దెగదులలో రేయింబవళ్ళు చదువుతారు. కాని నూటికి ఆ తక్కిన పదిమంది మాటేమిటి? తప్పిన కుమారునికి సప్లిమెంటరీ, ఆపై మరొక ఏడాది కోచింగు. తప్పిన కుమార్తెకు పెక్కు ఇళ్ళలో పెళ్ళిచూపులు. పరీక్ష ఒక్కటే అయినా భయం ఒక్కటి కాదు. బాలుడు మార్కులను కోల్పోతాడు. బాలిక తన భవితపై తనకున్న స్వాతంత్ర్యాన్నే కోల్పోతుంది.

హక్కు అనేది మార్కులతో ఆర్జించుకొనే పారితోషికం కాదు, అది జన్మసిద్ధం. ఈ సత్యాన్ని శాసనం ఏనాడో అంగీకరించింది. గుడివాడ చెంత నిమ్మకూరులో జన్మించిన నందమూరి తారక రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన భాగం లభించింది. అప్పటికే వివాహితలైన వారికి అది వర్తించలేదు. 2005లో దేశమంతటికీ సమానహక్కు వచ్చింది. అయినా పసుపుకుంకుమల పేరిట కొంత ముట్టజెప్పి, మిగిలిన దానిపై హక్కు లేదని సంతకం పెట్టించుకొనే ఆచారం సమసిపోలేదు. పొలంలో భాగం అడగలేని పిల్లకు ర్యాంకు ఒక్కటే ఆధారమైనప్పుడు, ఆ ర్యాంకు ప్రాణాంతకమైన బరువు కాక ఏమవుతుంది?

దీనికి కొందరు పెద్దలు గీతోక్తమైన నిష్కామకర్మను ఔషధంగా చెబుతారు. ఫలాన్ని బట్టి ప్రేమను కొలిచే ఇంట ఆ ఉపదేశం నిలువదు. గీత ఫలాపేక్షను వదలమనడానికి ముందే కర్మయందు అధికారాన్ని ఒప్పుకొన్నది. ఫలం రాలేదని చదువునే మాన్పించడం ఆ కర్మాధికారాన్ని హరించడమే.

సంప్రదాయం స్త్రీవిద్యను ఒప్పదని వాదించేవారూ ఉన్నారు. పండితయైన కుమార్తెను కోరే దంపతులకు అదే బృహదారణ్యకం విధిని చెప్పింది. శంకరభాష్యం ఆ పాండిత్యాన్ని గృహవిషయాలకు పరిమితం చేసిన మాట వాస్తవమే. కాని మూలమంత్రంలో ఆ పరిమితి లేదు. గార్గి ప్రశ్నలోనూ లేదు. భాష్యకారుని గౌరవిస్తూనే శ్రుతిని ప్రమాణంగా గ్రహించడం అపచారం కానేరదు.

విశాఖపట్నంలో శిక్షణ పొందుతూ 2023లో మరణించిన పదిహేడేళ్ళ విద్యార్థిని కేసులో, 2025 జూలైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు వెలువరించింది. మార్కులను బట్టి బ్యాచులుగా విడదీయరాదనీ, నలుగురిలో అవమానించరాదనీ కోచింగు కేంద్రాలను ఆదేశించింది. గురుధర్మం ఎట్టిదో తైత్తిరీయం ముందే చూపింది. అన్నమే బ్రహ్మమని వచ్చిన భృగువును వరుణుడు నిందించలేదు, మరల తపస్సుకు పంపాడు. ఆనందమే బ్రహ్మమని ఎరిగేవరకు ఆ తండ్రి తలుపు మూయలేదు.

కుమార్తె ఉన్న ప్రతి ఆస్తికుడూ ఫలితాలకు ముందే ఆమెకు ఒక మాట ఇవ్వవచ్చు: తప్పినా చదువు ఆగదు, ఆమె అడగనిదే పెళ్ళిమాట రాదు, ఆస్తిలో భాగం చెక్కుచెదరదు. ఈ అభయదానం ఏ వ్రతానికీ తీసిపోదు.