సిఫారసు లేఖలో ఒక అంకె

ఇంటర్ ఫలితాలు వచ్చాక మార్కాపురం, కంభం, గిద్దలూరు పల్లెల్లో ఏటా కొందరు పిల్లలు ఇంట్లో చెప్పే మాట ఒకటుంది: సేవకు వెళ్తాను, బైబిల్ కాలేజీలో చేరతాను. తల్లి ప్రార్థన చేస్తుంది. తండ్రి అప్పు ఎక్కడ పుడుతుందా అని ఆలోచిస్తాడు. పలకల గనుల్లోనో మిరప చేలల్లోనో దొరికే కూలితో నడిచే ఇళ్లివి.

ఏ కాలేజీ చవక అని అడిగేవాళ్లంతా ముందు ఫీజు చూస్తారు. ఫీజు కంటే బరువైన లెక్క వేరే ఉంది. వేదాంత డిగ్రీలిచ్చే సెరంపూర్ సెనేట్ బి.డి. కోర్సు, ముందే డిగ్రీ చదివినవాళ్లకు నాలుగేళ్లు, ఇంటర్‌తో చేరితే ఐదేళ్లు. అన్నాళ్లూ ఆ పిల్లాడి సంపాదన ఇంటికి రాదు. హాస్టలు, మెస్సు, పుస్తకాలు, ప్రయాణాలు దానిమీద పడతాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందన్న ధీమాతో మాత్రం చేరకండి. ఆ కోర్సుకు వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోండి. ఏడాదిలో డాక్టరేట్ ఇస్తామనే చోట్ల ఫీజు తక్కువే, కానీ ఆ కాగితాన్ని రేపు ఏ సంఘమూ లెక్కచేయకపోతే కట్టిన ప్రతి రూపాయీ దండగే. డిగ్రీ ఎవరు ఇస్తారు, ఏ చర్చిలు దాన్ని ఒప్పుకుంటాయి అన్నది ఫీజు కంటే ముందు అడగాలి.

ఈ నేలలో సేవ చదువు పేదవాడి జేబు మీద ఆధారపడి మొదలుకాలేదు. తాళ్లకొండపాడులో యర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారి ఉండేవాడు. సువార్త ఆయనతో మాదిగ పల్లెల్లోకి నడిచింది. కరువు తర్వాత, 1878 జులై 3న, వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. అంతమందికి వాక్యం చెప్పేవాళ్లు కావాలి కదా! 1872 నాటి రామాయపట్నం సెమినరీ ఆ పనికే నిలబడింది. పెళ్లయిన విద్యార్థులు భార్యలతో వచ్చేవారు, ఆ భార్యలకూ చదువు చెప్పేవారు. ఖర్చు చాలామటుకు సెమినరీ నడిపిన మిషన్‌దే. 1964లో కొన్ని సెమినరీలు కలిసి రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల అయ్యాయి, తర్వాత అది హైదరాబాదుకు మారింది. మిషనరీలు వెళ్లిపోయారు. వాళ్లు మోసిన ఖర్చు మాత్రం సంఘాల మీదికి రావాల్సింది, విద్యార్థి తండ్రి మీదికి వచ్చింది.

నాకు బాధ కలిగించేది ఇదే. కాలేజీ దరఖాస్తుతో సంఘం సిఫారసు లేఖ జతచేయాలి. పెద్దలు చర్చి లెటర్‌హెడ్ మీద మంచి మాటలు రాసి, సంతకం పెట్టి, స్టాంపు వేసి ఇచ్చేస్తారు. అయిదేళ్ల తర్వాత ఆ పిల్లాడే తమకు పాస్టరు కావాలని ఆశపడతారు. ఆ లేఖలోనే ఏటా ఇంత ఇస్తాం అని ఒక అంకె ఎందుకు రాయరు? కోత పండుగ కానుకల్లో ఒక వంతు పక్కన పెట్టినా చాలు. ఒక్క సంఘం వల్ల కాకపోతే నాలుగు ఊళ్ల సంఘాలు కలవొచ్చు. ఆడపిల్ల సేవకు వెళ్తానన్నా అదే లెక్క ఉండాలి. రామాయపట్నంలో నూటయాభై ఏళ్ల కిందటే ఆడవాళ్లు చదువుకున్నారు.

సంఘం ఇంకా ముందుకు రాకపోతే అప్పుచేసి రెసిడెన్షియల్‌లో చేరకు నాయనా. సెరంపూర్ సెనేటే దూరవిద్యలో క్రైస్తవ అధ్యయనాల కోర్సు నడుపుతుంది. పగలు పని చేసుకుంటూ, రాత్రి చదువుకుంటూ, ఆదివారం బడిలో పిల్లలకు పాఠం చెప్పు. నీ పని కళ్లారా చూసిన పెద్దల దగ్గరికి రెండేళ్ల తర్వాత మళ్లీ వెళ్లి ఆ లేఖ అడుగు, అంకెతో సహా.