అంటనిది వ్యాధి, అంటుచున్నది అపోహ



సార్టింగు బల్ల వద్ద ఒక సోదరుని మోచేతులపై ఎర్రని మచ్చలు, తెల్లని పొలుసులు కనబడగానే అతని మంచినీళ్ల గ్లాసు వేరగుచున్నది. రన్నింగు రూములో అతని ప్రక్క మంచము ఖాళీగా మిగులుచున్నది. ఇది యాజమాన్యపు ఉత్తరువు కాదు; మన చేతులతో మనమే చేయుచున్న అన్యాయము. సంఘపు జెండా క్రింద నిలిచి తోటి ఉద్యోగిని వెలివేయుటకంటె సిగ్గుచేటు వేరొకటి కలదా?

సోరియాసిస్ క్రిములవలన సోకునది కాదు. శరీర రక్షణ వ్యవస్థ దారితప్పి తన చర్మమునే వాచజేయుట దీనికి మూలము. సుమారు నెలదినములు పట్టవలసిన పైచర్మపు మార్పు కొద్దిదినములలోనే జరిగి పొలుసులు పేరుకొనును. ముట్టినను, కలిసి భుజించినను ఇది అంటదు. ఇది బాధాకరమైన దీర్ఘవ్యాధి యనియు, అంటువ్యాధి కాదనియు 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మహాసభ తీర్మానములో గుర్తించినది.

ఇక యాజమాన్యమును అడుగుచున్నాము. ఇది కేవలము అందచందముల సమస్యయా? కొందరికి కీళ్లు వాచి వంకరపోవును. ఒళ్లంతయు ఎర్రబారి వణుకు పుట్టినచో ప్రాణాపాయమే. తక్షణము ఆసుపత్రిలో చేర్చవలెను. అతినీలలోహిత కిరణ చికిత్సకు వారమునకు రెండు మూడు మార్లు, అనేక వారములు పోవలసి యుండును. మారుమూల స్టేషనులోని ట్రాక్ మెయింటెయినర్ సెలవు దొరకక చికిత్సను మధ్యలో మానినచో ఆ తప్పెవరిది?

సోదరులు గూడ మోసపోవలదు. వ్యాధిని అదుపుచేయు మందులు కలవు. సమూలముగా మాన్పు మందు నేటికిని లేదు. అట్లు మాన్పుదుమను ప్రకటనలు బూటకములు. డాక్టరు చెప్పకయే స్టెరాయిడ్ మాత్రలు వాడి హఠాత్తుగా మానినచో వ్యాధి విజృంభించును. మెథోట్రెక్సేట్ ఈ వ్యాధికి వారమునకు ఒక్క దినమే వాడవలెను. పొరపాటున దినదినము మింగిన ప్రాణములే పోవచ్చును. చర్మము ఎండిపోకుండ లేపనము రాయుడు. దెబ్బ తగిలినచోట క్రొత్త మచ్చలు లేచును గనుక చేతితొడుగులు లేనిదే పనికి దిగకుడు. పొగ, మద్యము మానుడు.

మన కోర్కెలు స్పష్టము: చికిత్స దినములకు వేతనముతో సెలవు, రైల్వే ఆసుపత్రులలోను, సి.జి.హెచ్.ఎస్. డిస్పెన్సరీలలోను చర్మవైద్యుని సేవ. ఖరీదైన బయొలాజిక్ మందుల సరఫరా. డిస్పెన్సరీ లేని ఊళ్లలోని తపాలా ఉద్యోగులకు వైద్యవ్యయము జాప్యము లేక చెల్లింపు.

వీటికై పోరాడుదము. కాని ఒక్క కోర్కెను తీర్చుటకు ఏ అధికారి సంతకమును అక్కరలేదు. నేడే ఆ సోదరుని ప్రక్కన కూర్చుండి టీ త్రాగుడు!