ముంగిలి ముచ్చట – ముందుగా లెక్క



పట్నాలలో కొత్త ఇళ్ళ ముందు రంగురంగుల రాళ్ళు పరచినట్టుండే ముంగిళ్ళను మీలో చాలామంది చూసే ఉంటారు. చూపుకు నాపరాళ్ళలాగానో, ఇటుకల్లాగానో ఉంటుంది కాని, అదంతా కాంక్రీటే. కాంక్రీటు ఇంకా పచ్చిగా ఉండగానే రంగుపొడి చల్లి, రబ్బరు వంటి అచ్చుచాపలు పరచి అదిమితే ఆ రూపం వస్తుంది. దీనిని స్టాంప్డ్ కాంక్రీటు అంటారు. 1950ల దశకంలో అమెరికాలోని కాలిఫోర్నియాలో బ్రాడ్ బౌమన్ అనే ఆయన ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఇప్పుడు మన పల్లెల్లో కూడా కొందరు ఇల్లు కట్టుకున్నాక ఇలాంటి ముంగిలి కావాలని ముచ్చటపడుతున్నారు.

ముచ్చటపడడంలో తప్పు లేదు. కాని గోపురం కట్టదలచిన మనిషిని గూర్చిన ఉపమానం మనకు తెలిసినదే. లెక్క ముందు, పని తరువాత. ఆ లెక్క ఎలా వేయాలో ఈ నెల చూద్దాము.

భార్యాభర్తలిద్దరూ ఒక నోటుపుస్తకం పెట్టుకుని కూర్చోండి. ధరలు ఊరికొక రకంగా, నెలకొక రకంగా ఉంటాయి కనుక మేము రూపాయలు రాయడం లేదు. కొలతలు రాస్తున్నాము. మీ ఊరి ధరలు వాటి పక్కన వేసుకోండి. ఉదాహరణకు పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు, అంటే 200 చదరపు అడుగుల ముంగిలి అనుకుందాము. పుస్తకంలో మూడు పద్దులు గీయండి: అడుగున పోయేది, పైన కనిపించేది, తరువాత అయ్యేది.

మొదటి పద్దు అడుగున పోయేది. ఎవరికీ కనిపించదు కనుక అందరూ తగ్గించాలని చూసేది దీన్నే. మెత్తటి మన్ను తీసి, నాలుగు అంగుళాల గ్రావెల్ పోసి, నీళ్ళు చల్లి గట్టిగా దిమ్మిస చేయించాలి. దాని మీద నాలుగు అంగుళాల కాంక్రీటు. ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర పాళ్ళలో కలిపితే 200 చదరపు అడుగులకు దాదాపు 16 బస్తాల సిమెంటు, 28 ఘనపుటడుగుల ఇసుక, 56 ఘనపుటడుగుల కంకర పడుతుంది. ట్రాక్టరు తొట్టి లెక్కన కొనేవారు తొట్టిని టేపుతో కొలిచి కొనండి. ముంగిట్లోకి ట్రాక్టరు ఎక్కేటట్టయితే నాలుగు అంగుళాలు చాలవు. ఆరు అంగుళాల మందం, లోపల ఇనుప చువ్వలు కావాలి. ఆ ఖర్చు వేరు.

కాంక్రీటు ఆరేటప్పుడు ముడుచుకుని పగులుతుంది. అందుకని పదేసి అడుగులకు ఒక అంగుళం లోతున గాడి కోయించాలి. అప్పుడు పగులు ఆ గాడిలోనే వస్తుంది, బొమ్మ చెడదు.

రెండవ పద్దు పైన కనిపించేది. రంగుపొడి, అచ్చు అంటుకోకుండా చల్లే పొడి, అచ్చుచాపల అద్దె, పనివాళ్ళ కూలి, పట్నం నుంచి వాళ్ళ రానుపోను ఖర్చు, చివరగా మెరుపు పూత. పని చిన్నదైనా పెద్దదైనా వాళ్ళు సామానుతో రావలసిందే కనుక, స్థలం చిన్నదైతే అడుగు ధర ఎక్కువ పడుతుంది. ఇరుగుపొరుగు ఇద్దరు కలిసి ఒకేసారి చేయించుకుంటే ఇద్దరికీ కలిసొస్తుంది. క్యూరింగ్ ఎవరు చేయాలో, ఎలా చేయాలో ముందే కాగితం మీద రాయించుకోండి. మామూలు గచ్చులాగ తడి గోనెసంచులు కప్పితే రంగు మచ్చలు మచ్చలుగా తేలుతుంది. మండుటెండల్లో ఈ పని పెట్టుకోవద్దు. అచ్చు వేసేలోపే పైభాగం బిగిసిపోతుంది. క్రిస్మస్‌కో, పెండ్లికో సిద్ధం కావాలంటే కనీసం నెల రోజులు ముందుగా, వాన లేని రోజు చూసి పోయించండి. కాంక్రీటుకు పూర్తి బలం రావడానికి 28 రోజులు లెక్క.

మూడవ పద్దు తరువాత అయ్యేది. మెరుపు పూత రెండు మూడేళ్ళకొకసారి మళ్ళీ వేయించాలి. లేకపోతే రంగు వెలిసిపోతుంది. ఆ పూత తడిసిందంటే జారుతుంది. ఇంట్లో ముసలివాళ్ళు ఉంటే పూతలో జారుడు తగ్గించే పొడి కలపమని గట్టిగా చెప్పండి. కాలు విరిగితే ఆసుపత్రి ఖర్చు ముంగిలి ఖర్చును మించిపోతుంది.

ఇక నీటి సంగతి. ఒక్క అంగుళం వాన కురిస్తే 200 చదరపు అడుగుల మీద సుమారు 470 లీటర్ల నీరు పడుతుంది. ఇదివరకు నేల తాగిన నీరు ఇప్పుడు ఎటు పోవాలి? ఇంటి వైపు రాకుండా పది అడుగులకు రెండున్నర అంగుళాలు వాలు పెట్టించండి. అలాగని పొరుగువారి గోడ వైపు వదిలితే తగవు కొని తెచ్చుకున్నట్టే. వాలు చివర ఇంకుడు గుంతకు కూడా డబ్బు పక్కన పెట్టండి. చెట్టు మొదలు చుట్టూ మన్ను వదిలేయండి.

వడ్లు, మినుములు, మిరపకాయలు ముంగిట్లో ఆరబోసుకునే ఇళ్ళవారు ఇంకొకటి ఆలోచించాలి. అచ్చుల గాట్లలో గింజ ఇరుక్కుంటుంది, ఊడ్చినా రాదు. అలాంటివారు సగం నున్నగా ఉంచి, గుమ్మం ముందు మాత్రమే అచ్చు వేయించుకోవడం మేలు.

మూడు పద్దులూ కూడి, అనుకోని ఖర్చులకు నూటికి పది కలపండి. వచ్చిన మొత్తం చూసి, డబ్బు ఎక్కడినుంచి వస్తుందో దాని పక్కన రాయండి. మేము ముఖ్యంగా చెప్పదలచినది ఇక్కడే ఉంది. ముంగిలి పంట పండదు, పాలివ్వదు. గేదె కొనడానికి తెచ్చిన అప్పును గేదె తీరుస్తుంది. ముంగిలికి తెచ్చిన అప్పును మీ రెక్కలే తీర్చాలి. ఇల్లాలి మెడలోని బంగారం తాకట్టు పెట్టి, డ్వాక్రా సంఘంలో తెచ్చి, పిల్లల ఫీజు డబ్బు కదిలించి ఈ పని చేయవద్దు.

చేతిలో ఉన్నది చాలకపోతే మొదటి పద్దును కోయకండి, రెండవ పద్దును కోయండి. అడుగు సరిగా వేసి, పైన చీపురు గీతలతో మామూలు కాంక్రీటు పోయించుకోండి. అది పగలకుండా నిలిస్తే, కొన్నేళ్ళ తరువాత దాని మీదే పలుచని పొర వేసి అచ్చు వేయించుకునే పద్ధతి కూడా ఉంది. లేదంటే కొలత తగ్గించుకోండి. తాండూరు, బేతంచర్ల నాపరాళ్ళ ధర కూడా ఒకసారి అడిగి పోల్చి చూడండి. ఒక రాయి పగిలితే దాన్ని తీసి ఇంకొకటి పెట్టుకోవచ్చు.

ఈ లెక్క ఇంట్లో అందరూ వినేటట్టు చదవండి. కూలీలను పిలిచే ముందు ఇల్లాలు, పెద్దవాళ్ళు కూడా సరేననాలి.