ఓటీపీ రియాద్‌లో, సంచీ నాచారంలో

ఇంట్లో నా జబాన్ ఉర్దూ. బడిలో నేర్చింది తెలుగు. రెండు భాషల్లోనూ వార్తలు రాసి బతుకుతున్నవాణ్ణి. ఇప్పుడు ఈ రెండు భాషల్లోనూ ఒకే అబద్ధం చెలామణీ అవుతోంది. అందరి చేతుల్లో ఫోనుందట, అందరికీ నెట్ అందిందట!

అందరూ అంటే ఎవరు?

నాచారంలో మా గల్లీలో ఒక ఆపా ఉంది. బట్టలు కుడుతుంది. భర్త రియాద్‌లో డ్రైవర్. 2021 ఫిబ్రవరిలో, కరోనా కారణంగా రేషన్ షాపుల్లో వేలిముద్ర ఆపేశారు. ఫోనుకొచ్చే ఓటీపీ చెప్పాలి, లేదంటే కనుపాప చూపించాలి. ఆ రోజు కనుపాప మిషన్ పనిచెయ్యలేదు. ఆధార్‌లో ఉన్నది భర్త నంబరు. ఆ సిమ్ ఆయనతోపాటు విమానమెక్కి పోయింది. ఓటీపీ రియాద్‌కి పోయింది. ఆపా ఖాళీ సంచీతో నాచారంలో నిలబడింది. లెక్కల్లో మాత్రం అది ఫోనున్న ఇల్లే!

మాది సిగ్నల్ అందని అడవి కాదు. ఉప్పల్‌లో అద్దాల మేడలున్నాయి. అక్కడ రాత్రంతా దీపాలు వెలుగుతాయి, సముద్రాల అవతలి కంపెనీల పనులు నడుస్తాయి. 2017 నుంచి మెట్రో రైలు కూడా వస్తోంది. తీగ మా గల్లీ దాకా వచ్చింది. గడప లోపల ఆగింది. ఆపింది మనుషులు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్నవాళ్లు దేశంలో మగవాళ్లు నూటికి 57 మంది, ఆడవాళ్లు 33 మంది. తెలంగాణ ఆడవాళ్లలో 26.5 శాతం. ఆంధ్రలో 21 శాతం. 1998లోనే సైబర్ టవర్స్ కట్టి ప్రపంచానికి చాటుకున్న తెలుగునేల, ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి దేశ సగటుకన్నా కింద పడింది.

ఈ మాట ఎత్తితే లౌకికవాద మిత్రులు కొందరు మా బురఖాల వైపు వేలు చూపిస్తారు. మీ ముల్లాలు ఒప్పుకోరు కదా అంటారు. అయ్యా, ఆంధ్రలో నెట్ ముట్టని ఆ 79 మందీ బురఖా వేసుకున్నారా? మీ అమ్మ ఫోను లాక్ ఎవరికి తెలుసు? మీ ఇంట్లో పనిచేసే దళిత స్త్రీ పేరు మీద సిమ్ ఉందా? మగాడి పెత్తనానికి మా టోపీ పెట్టి చూపించడం మానండి.

అంతమాత్రాన మా పెద్దలు తప్పించుకోలేరు. కొడుక్కి పదో తరగతిలోనే ఫోను కొనిస్తారు. డిగ్రీ చదివే కూతురు అడిగితే ఇజ్జత్ గుర్తొస్తుంది. నెట్‌లో మన ఆడపిల్లల్ని ఏం చేశారో చూడలేదా అంటారు. చూశాం. 2021లో ‘సుల్లీ డీల్స్’, 2022 జనవరి 1న ‘బుల్లీ బాయ్’. ముస్లిం స్త్రీల ఫోటోలు పెట్టి వేలం అన్నారు. కానీ నోరు మూసుకోకుండా పోలీసులకు ఫిర్యాదు చేసింది ఆ స్త్రీలే. అరెస్టులు జరిగింది అందుకే. దొంగ పడ్డాడని ఇంటావిడ కళ్లకి గంతలు కడతారా?

కేరళలో ఒక లేడీస్ హాస్టల్‌లో సాయంత్రం 6 నుంచి 10 దాకా ఫోను వాడకూడదన్నారు. ఫహీమా షిరిన్ కాదంది. వెళ్లగొడితే కోర్టుకెక్కింది. ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులో భాగమని 2019లో ఆ రాష్ట్ర హైకోర్టు తేల్చింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకో మెట్టెక్కింది. డిజిటల్ సేవలు అందడం రాజ్యాంగం 21వ అధికరణం చెప్పే జీవించే హక్కులో భాగమేనంది. అడిగినవాళ్లు యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివాళ్లు. కేవైసీ కోసం కెమెరా ముందు కళ్లార్పమంటే ఆర్పలేనివాళ్లు. హక్కు తెచ్చింది వాళ్లు. అద్దాల మేడలు కాదు.

కాబట్టి సర్కారుకి ఒకటే మాట. సిమ్‌లు లెక్కపెట్టడం ఆపి మనుషుల్ని లెక్కపెట్టండి. ఇంటికొక ఫోను అనకండి. ఆ ఫోను ఎవరి జేబులో ఉందో అడగండి. ఓటీపీ రాలేదని ఎవరి బియ్యమూ ఆపకండి. ఫోను లేనివాళ్లకి కాగితం మీద, వాళ్ల భాషలో పని జరగాలి.

మా వాళ్లకీ ఒకటే మాట. అబ్బాజాన్, భాయీజాన్, మీ ఇంటి ఆడపిల్ల పేరుతో ఒక సిమ్ తీసుకోండి. దాని లాక్ ఆమెకే తెలియాలి. నెట్‌లో మన గురించి మాట్లాడని రోజు లేదు. మన ఆడవాళ్లు మాట్లాడే రోజు ఎప్పుడు?