బాలురకు గ్రహవిజ్ఞానము

మంచాల మండలమున జాపాల, రంగాపూరు గ్రామముల చెంత ఉస్మానియా విశ్వవిద్యాలయము వారు 1968లో 48 అంగుళముల దూరదర్శిని నెలకొల్పిరి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించుటకు శాస్త్రజ్ఞు లచ్చట గుమిగూడిరి. ఆనాడే మనలో పెక్కుమంది, కంటిని కాపాడుకొను విధము పిల్లలకు నేర్పుటకు మారుగా, తలుపులు మూసికొని కూర్చుండిరి. యంత్రము వచ్చినను భయము పోలేదు. పల్లె బాలునకు తన భాషలో గ్రంథ మందకపోవుటయే యిందుకు ముఖ్యకారణమని మా యభిప్రాయము.

ఈ కార్యము మనకు క్రొత్తది కాదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలగువారు హైదరాబాదున విజ్ఞానచంద్రికామండలిని స్థాపించి శాస్త్రములను తెనుగున వెలయింప బూనిరి. పిమ్మట మహీధర నళినీమోహనుగారు గ్రహణముల కథను తేటతెనుగున జెప్పిరి. 2023 ఆగస్టు 23న చంద్రయాన నౌక చంద్రుని దక్షిణధ్రువ సమీపమున దిగినదని విని పొంగిన బాలుడు, చంద్రునకు కళలెట్లు కలుగునని యడిగిన, బదులు చెప్పు పుస్తకము ఊర నుండవలదా?

పంచాంగము కొనని గృహస్థు మనలో అరుదు. దాని ప్రక్క గ్రహముల నిజస్వరూపము దెలుపు పుస్తకమొకటి యుంచుట భారమా? పెండ్లి బాణసంచా వ్యయమున నొక పాలు పాఠశాల గ్రంథముల కర్పించిన చాలును. మంచాల వారే యిందుకు మార్గదర్శకు లగుదురుగాక!