మెడలోని పెద్దకోడలు

మాదాపూరులో ఉద్యోగం చేసేవారు ఒకరినొకరు గుర్తుపట్టడానికి మెడలో వేలాడే పట్టీ అక్కరలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక చేత్తో రెండో వైపు మూపును నొక్కుకుంటున్నారంటే వారు మావారే. అడిగితే "నరం పట్టేసిందండీ" అంటారు. నిజానికి చాలాసార్లు పట్టేసేది కండ. మెడనుంచి భుజం దాకా పరచుకున్న కండరంలో వేలికి బఠాణీగింజలా తగిలి, నొక్కితే తలదాకా పోటెత్తే చోటును మనం ముడి అంటున్నాం.

ఈ ముడి ఏమిటన్న విషయంలో వైద్యులకే ఏకాభిప్రాయం లేదు. అమెరికా అధ్యక్షుడు కెనడీకి వైద్యురాలిగా ఉన్న జానెట్ ట్రావెల్, డేవిడ్ సైమన్స్‌తో కలిసి 1983లో వెలువరించిన గ్రంథం దీనికి 'ట్రిగ్గర్ పాయింట్' అన్న పేరును స్థిరపరచింది. కండరంలో కొంత భాగం బిగుసుకుని మళ్ళీ సడలకపోవడమే కారణమని వారి వాదం. ఒకే రోగిని ఇద్దరు నిపుణులు తడిమితే ముడి ఎక్కడుందో ఒకే మాట చెప్పలేకపోతున్నారని విమర్శకుల అభ్యంతరం. ముడి సంగతి ఎలా తేలినా, నొప్పి మాత్రం అబద్ధం కాదు.

నన్ను బాగా ఆలోచింపజేసింది స్వీడన్ పరిశోధకుడు హేగ్ 1991లో చేసిన ప్రతిపాదన. చిన్న పనికి కండరమంతా కదలదు. మొదట కొన్ని సన్నని పోగులే పనిలోకి దిగుతాయి. బరువు పెరిగితేనే పెద్దవి తోడొస్తాయి, బరువు తగ్గగానే అవే ముందుగా విశ్రమిస్తాయి. మౌసు మీద చేయి వేసి భుజాన్ని కాస్త ఎత్తి పట్టుకోవడం ఎంత తేలిక పని! తేలికైనది కనుకనే ఆ భారం గంటల తరబడి ఆ కొన్ని పోగులమీదే పడుతుంది. ఆయన దీనికి సిండ్రెల్లా పేరు పెట్టారు. నేనైతే ఉమ్మడి కుటుంబంలోని పెద్దకోడలు అంటాను. అందరికంటే ముందు లేస్తుంది, అందరూ పడుకున్నాక నడుం వాలుస్తుంది. చూసేవారు మాత్రం "ఇంట్లో పెద్ద పనేముంది?" అంటారు. ఇది ఇంకా పరికల్పనే కావచ్చు. కానీ రోజంతా కుర్చీలో కూర్చున్నవాడికి ఒళ్ళు నొప్పులేమిటని ఎగతాళి చేసే పెద్దలకు ఇంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు.

ఈ బాధ కంప్యూటరుతో పుట్టలేదు. వృత్తులవల్ల వచ్చే రోగాలపై ఇటలీ వైద్యుడు రామజ్జినీ రాసిన గ్రంథపు 1713 ముద్రణలో వ్రాయసకాండ్ర బాధలకు మూడు కారణాలు కనిపిస్తాయి: కదలకుండా కూర్చోవడం, చేయి ఒకే తీరున ఆడుతూండడం, తప్పు దొర్లరాదన్న మనసు ఒత్తిడి. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఇక్కడి గుట్టల మధ్య అద్దాల మేడలు ఎన్ని లేచాయో! ఆ మూడు కారణాలూ ప్రతి అంతస్తులోనూ కుదురుకున్నాయి.

ఇందుకు యాజమాన్యాలు చూపే మందు వింతగా ఉంటుంది. నేను ఇదివరకు పనిచేసిన ఒక సంస్థలో ఆరోగ్య వారోత్సవం పేరిట మర్దన కుర్చీ తెప్పించారు. మనిషికి పదిహేను నిమిషాలు. నా వంతు వచ్చిన వేళకే రెండు సమావేశాలు పడ్డాయి. కుర్చీ ఖాళీగా ఉంది, మేము ఖాళీగా లేము.

మర్దన దండగని నేననను. ఉప్పుమూట కాపడం, గోడకూ వీపుకూ మధ్య టెన్నిస్ బంతి ఉంచి మెల్లగా ఒత్తడం, వేడినీళ్ళ స్నానం అప్పటికి హాయినిస్తాయి. మెడను పుటుక్కున విరిపించుకోవడం మాత్రం వద్దు, రక్తనాళానికి ప్రమాదం. చేయి తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, నొప్పితోపాటు జ్వరమున్నా వైద్యుని వద్దకు వెళ్ళాలి. ఛాతీలో నొప్పి కూడా ఉంటే క్షణం ఆలస్యం చేయకూడదు. అయితే పెద్దకోడలికి పండగనాడు చీర పెట్టి, మర్నాడు యథాప్రకారం పొయ్యి దగ్గరికి పంపితే ఏం లాభం? ఆమెకు కావలసింది రోజూ కాసేపు తీరిక. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయడం, చేతులు కిందికి వదిలేయడం. దీనికి పైసా ఖర్చు లేదు, కావలసింది అనుమతే.

చిక్కంతా అక్కడే ఉంది. 1988 నాటి దుకాణాల, సంస్థల చట్టంలోని పనివేళల నిబంధనలనుంచి మన ప్రభుత్వాలు ఈ రంగానికి షరతులతో మినహాయింపులు ఇస్తూ వచ్చాయి. యువత వారానికి 70 గంటలు పనిచేయాలని నారాయణమూర్తి గారు 2023లో సెలవిచ్చారు. గంటల లెక్కే ఇలా ఉంటే నిమిషాల విరామాన్ని ఎవరు పట్టించుకుంటారు? సీటులోంచి లేచినవాడు పని ఎగవేస్తున్నాడన్న చూపు పోనంతకాలం ఎంత ఖరీదైన కుర్చీ కొన్నా మెడకు సుఖం లేదు. గంట సమావేశాన్ని యాభై నిమిషాలకే ముగించే పెద్దమనిషి పదిమంది మర్దనకారులతో సమానమని నా అభిప్రాయం.

ఇంతసేపూ కదలకుండా చదివారు కనుక మిత్రులకు ఒక మనవి. ఒకసారి లేచి మంచినీళ్ళు తాగి రండి. వ్యాఖ్య తరువాత రాయవచ్చు.